తీరిక లేని నాలుగు రోజులు

కాశీబుగ్గ, పలాస
జూన్ 9

సుష్మా,

మేమంతా క్షేమం అని మొదలుపెడదామనుకున్నాను గానీ ఆ మాట రాయడానికి మొహం చెల్లలేదు. వదిన కాగితం మీద రాసిందేమిటని నవ్వుకోకు. నా నంబరు బ్లాక్ చేశావు. మీ అన్నయ్య ఫోన్ నుంచి చేస్తే నా గొంతు వినగానే పెట్టేశావు. పోయిన మంగళవారం టెక్కలి వచ్చాను కూడా. నువ్వు కాలేజీ నుంచి ఇంకా రాలేదని హాస్టల్ ఆవిడ చెప్పింది. నీ చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. సరేలే అని తిరుగు బస్సెక్కాను. ఉత్తరమైతే చింపేసే ముందు ఒక్కసారైనా చూస్తావని ఆశ.

జరిగింది నా వల్లే, ఒప్పుకుంటున్నాను. కానీ కావాలని చేసింది కాదు. "ఇంద్రజ వంటిల్లు" అని పేజీ పెట్టి రెండేళ్లయింది. ఇద్దరు పిల్లలు, అత్తయ్య పథ్యం, బుధ శనివారాలు ఆవిడ డయాలసిస్, మీ అన్నయ్య జీడి ఫ్యాక్టరీ వేళలు, వీటి మధ్య నీకు వీడియోలకి తీరిక ఎక్కడిదని అందరూ అడుగుతారు. నేను వేరే తీరిక చేసుకోను. ఎలాగూ చేసే పనికే ఎదురుగా ఫోను నిలబెడతాను. చిన్నోడికి అన్నం పెడితే అదొక వీడియో, పెద్దదానికి జడ వేస్తే అదొకటి. అత్తయ్యకి ఉప్పు లేకుండా వంకాయ కూర వండిన రోజూ అంతే. ముక్కలు వేడి నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండాలని డాక్టరు చెప్పారు కదా, మన ఉద్దానంలో కిడ్నీ జబ్బున్న ఎన్ని ఇళ్లకు పనికొస్తుందో అని పెట్టాను. ముక్కలు తను పిండుతానని అత్తయ్య పక్కకొచ్చి పొడుగు చేతుల జాకెట్టు పైకి మడిచింది. డయాలసిస్ సూదుల కోసం చేతికి చేసిన ఆ ఉబ్బిన నరం కనిపిస్తోందని నాకు తట్టలేదు.

నువ్వు ఆదివారం మెసేజ్ పెట్టావు. అప్పుడు చిన్నోడికి జ్వరం. నాలుగు రోజులు ఫోను ఎక్కడుందో చూసుకునే తీరిక కూడా లేదు. గురువారం చూశాను, చూసిన వెంటనే వీడియో తీసేశాను. అప్పటికే ఇచ్ఛాపురం పెళ్లివారు చూసేశారు. నా ఖర్మ.

మూడు వారాలుగా నువ్వు ఇంటి గడప తొక్కలేదు. ఆసుపత్రికి బయల్దేరిన ప్రతిసారీ అత్తయ్య "సుష్మ వత్తాదేటి" అని అడుగుతోంది. పేపర్లు దిద్దుతోందని చెబుతున్నాను. ఎన్నాళ్లని చెప్పను? కోపం నా మీద ఉంచుకో, ఆవిడ కోసం రా.

మీ వదిన
ఇంద్రజ


టెక్కలి
జూన్ 21

ఇంద్రజ గారికి,

మీ ఉత్తరం అందింది. చింపలేదు. పది రోజులు క్లాసు పుస్తకంలో పెట్టుకుని తిరిగాను.

పిల్లాడికి జ్వరం వచ్చిన మాట నిజమే అయ్యుంటుంది. ఫోను చూసుకోలేదన్న మాటే మింగుడు పడలేదు. ఆదివారం మధ్యాహ్నం నేను పెట్టిన మెసేజ్ మీకు గుర్తులేకపోతే మళ్లీ రాస్తున్నాను. "వదినా, అమ్మ చెయ్యి కనిపిస్తోంది. వెంటనే తీసెయ్. శివాజీ వాళ్లు చూస్తే అంతే." ఆ సాయంత్రమే సోంపేట ఆవిడెవరో "అత్తగారిని ఇలా చూసుకునే కోడలు ఎక్కడుంటుందండీ" అని వీడియో కింద రాస్తే మీరు రెండు దండాలు, ఒక పువ్వు పెట్టారు. సోమవారం ఇంకో పన్నెండు మందికి పెట్టారు. పనిలేక కూర్చుని లెక్కపెట్టాను. దండాలకి దొరికిన తీరిక నాకు దొరకలేదు.

ఇచ్ఛాపురంలో శివాజీ వాళ్లు చూసింది బుధవారం. అతని మేనత్తకి ఎవరో పంపారు. వాళ్ల నాన్న సోమేశ్వరరావు గారు మా నీలకంఠం పెదనాన్నకి ఫోన్ చేసి "తల్లికి సుగరని సెప్పినారు కదండీ, ఇదేటండి మరి" అన్నారు. అంతకు ముందు రెండు సంబంధాలు మన ఊరి పేరు వినగానే వెనక్కి పోయాయి. ఇది ఉంగరం కొలత తీసుకెళ్లేదాకా వచ్చింది. ఇప్పుడు లేదు.

మా స్టాఫ్ రూములో ముగ్గురు ఆ వీడియో చూశారు. "అమ్మగారికి ఎలా ఉందండీ" అని గొంతు తగ్గించి అడుగుతున్నారు. నేను ఇన్నాళ్లూ వాళ్ల దగ్గర మా అమ్మ కీళ్ల నొప్పుల గురించి మాట్లాడినదాన్ని. ఎదురైతే తలొంచుకుని పోతున్నాను. పిల్లలకి పాఠం చెప్పడానికి వెళ్లినా వీళ్లు కూడా చూశారేమో అనిపిస్తోంది.

మళ్లీ రాయకండి. అమ్మ కాళ్ల వాపు తగ్గిందో లేదో అన్నయ్య చేత చెప్పించండి చాలు.

సుష్మ


కాశీబుగ్గ
జూలై 3

సుష్మా,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ రాసి ఊరుకుంటాను. ముందు అత్తయ్య సంగతి. కాళ్ల వాపు తగ్గింది. అన్నం కొద్దిగా తింటోంది.

నీ మెసేజ్ నేను ఆదివారమే చూశాను.

తెరవలేదు. ఫోను పైన పట్టీలో కనిపించినంత చదివి వేలితో పక్కకి తోసేశాను. తెరిస్తే చూసినట్టు నీకు తెలిసిపోతుందని. ఆ పాడు తెలివి అంత చప్పున నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలీదు. అప్పటికి ఆ వీడియో నలభై వేల మంది చూశారు. రెండేళ్లలో నావి ఏవీ నాలుగు వేలు దాటలేదు. సాయంత్రం దాకా ఉంచి తీసేద్దాం అనుకున్నాను. సాయంత్రానికి డెబ్భై వేలు. పొద్దున్న తీసేద్దాం అనుకున్నాను. చిన్నోడి జ్వరం సోమవారమే దిగిపోయింది. దాన్ని గురువారం దాకా సాగదీసింది నేను, ఉత్తరంలో.

బుధవారం అత్తయ్య లోపల డయాలసిస్ మిషను మీద ఉంది. నేను బయట కుర్చీలో కూర్చుని ఆ అంకె పెరగడం చూస్తున్నాను. మూడు లక్షలు దాటింది. ఆనందం పట్టలేక పక్కన కూర్చున్నావిడకి చూపించాను. ఆవిడ భర్త కూడా లోపలే ఉన్నాడు. ఆవిడ చూసి "బాగుందమ్మా" అంది. ఆ పొద్దునే ఇచ్ఛాపురంలో వాళ్లూ చూశారన్నమాట.

మొదలెట్టాను కనక మిగతాదీ చెప్పేస్తాను. చేసే పనికే ఫోను నిలబెడతానని గొప్పగా రాశాను కదా. తీయడం వరకు అంతే. కోసి అతికించడానికి, కింద మాటలు రాయడానికి తీరిక కావాలి. అత్తయ్య మిషను మీదుండే నాలుగు గంటలే నాకా తీరిక. పిల్లలుండరు, పొయ్యి ఉండదు, ఎవరూ పిలవరు. బుధ శనివారాల కోసం ఎదురుచూసేదాన్ని. ఒక శనివారం ఆవిడకి బీపీ పడిపోయి రెండు గంటలకే ఆపేసి బయటికి తీసుకొచ్చారు. నాకు మొదట వచ్చిన ఆలోచన, అయ్యో సగంలో ఉండిపోయిందే అని. ఆవిడ నా భుజం పట్టుకుని నిలబడి "ఏటే, మొగం అలగున్నాది, ఆకలేత్తందేటి" అని నన్నే అడిగింది. ఆ రోజు నుంచీ ఈ మాట ఎవరికైనా చెప్పాలని ఉండేది. చెబితే నన్ను మనిషి కింద చూడరని ఊరుకున్నాను.

మీ అన్నయ్యకి ఈ నాలుగు రోజుల సంగతి తెలీదు. అత్తయ్యకైతే వీడియో సంగతే తెలీదు. పిల్లలు చూసుకోవడానికి ఏదో తీస్తున్నాననుకుంది. సంబంధం జాతకాలు కుదరక పోయిందని చెప్పాం, నమ్మింది. నీ ఒక్కదానికే రాశాను. ఏమన్నా పడతాను.

ఇంద్రజ


టెక్కలి
జూలై 29

వదినా,

నిన్ను తిడుతూ నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగూ చింపేశాను. బాగా రాశాను కూడా, నువ్వు చదవాల్సింది.

నువ్వు చూసి తోసేశావని నాకు ముందే తెలుసు. తెలిసిన సంగతే నీ చేతిరాతలో చదివాక కాగితం మడిచి పెట్టేశాను. ఆ రోజు అన్నం తినలేదు. శనివారం సంగతి రాయకుండా ఉండాల్సింది. ఇప్పుడు అమ్మ నీ భుజం పట్టుకుని నిలబడడమే కనిపిస్తోంది.

ఐదో ఉత్తరంలో "మా అమ్మని ఊరికి చూపించడానికి నువ్వెవరు" అని మొదలుపెట్టాను. అక్కడ చెయ్యి ఆగిపోయింది. ఊరికి కనపడకుండా దాచడానికి నేనెవరు మరి? ఆ పొడుగు చేతుల జాకెట్టు కుట్టించింది నేను. శివాజీ వాళ్లు ఏప్రిల్‌లో చూపులకి వచ్చినప్పుడు. టైలరు "ఈ ఎండల్లో మణికట్టు దాకా ఎందుకమ్మా" అంటే "ఫేషనండి" అన్నాను. వాళ్లెదుట అమ్మని ఫ్యాను కింద కూడా కూర్చోబెట్టలేదు, కొంగు ఎగిరి మెడ దగ్గర పాత సూది మచ్చ కనిపిస్తుందని. మంచినీళ్లు ఎందుకు తాగడం లేదని శివాజీ వాళ్లమ్మ అడిగితే అమ్మ నా వైపు చూసింది. "సుగరండి, డాక్టరు కొలత పెట్టారు" అని నేనే అనేశాను. పెదనాన్న అన్నాడని అందరూ అనుకుంటున్నారు. ఆయన తలూపాడంతే.

దీనివల్ల నీది మాఫీ అయిపోలేదు. నీ నాలుగు రోజులు నీవే. ఇది నాది.

ఒక పని చెయ్యి. అమ్మకి చెప్పు. ఆవిడ చెయ్యి ఎంతమంది చూశారో, సంబంధం ఎందుకు పోయిందో, అంతా. చెప్పాల్సింది నేనే, నాకు ధైర్యం చాలడం లేదు. ఇంటికొస్తే ఆవిడ మొహంలోకి చూస్తూ జాతకాలని నేను కూడా చెప్పాలి. అందుకే రావడం లేదు. నీ మీద కోపానికి అని నువ్వు అనుకుంటున్నావు. అదీ ఉంది.

సుష్మ


కాశీబుగ్గ
ఆగస్టు 25

సుష్మా,

చెప్పేశాను. ఆలస్యమైంది. రోజూ చెబుదామనుకోవడం, పిల్లలకి టిఫిన్ బాక్సులు సర్దుతూ రేపు చెబుదామనుకోవడం. నాకు అలవాటైన విద్యే కదా.

అత్తయ్య వరండాలో చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. నీ మెసేజీ, నా నాలుగు రోజులు, ఇచ్ఛాపురం వాళ్ల ఫోను, ఏదీ దాచలేదు. చెయ్యి ఆపకుండా విన్నది. అయ్యాక "ఎంతమంది సూసినారు" అంది. "మూడు లచ్చల ఎనబై వేలత్తా" అన్నాను. "మన పలాసలో కూడా అంతమంది నేరు గదే" అంది. ఇంకో రాయి ఏరి పారేసి "అందలో ఎవులైనా ఆ కూర ఒండుకున్నారేటి" అని అడిగింది.

నాకు తెలీదు సుష్మా. అంత అంకెని కంఠతా పట్టినదాన్ని, ఆ ముక్క తెలీదు.

అప్పుడు నీ సంబంధం మాట వచ్చింది. "నా సెయ్యి సూసి పోనాదా" అంది. చేట పక్కన పెట్టి లోపలికి వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పెట్టింది తిన్నది, మందులు వేసుకుంది. మూడోరోజు మాత్రం "ఆ సేతుల జాకెట్టుతో ఉక్కపోసి సచ్చిపోతన్నాను. మీకు పరువని ఏసుకున్నాను. ఒక్కలైనా అడిగినారేటి, ఉక్కగున్నాదా అని" అంది. అది నీకూ నాకూ ఇద్దరికీ అన్నది. అందుకే రాస్తున్నాను.

ఆవిడ మాట్లాడని ఆ రెండు రోజుల్లో పేజీకి వచ్చిన మెసేజీలు తెరిచాను. పొగిడినవాళ్లకి దండాలు పెట్టానే గానీ, అడిగినవాళ్లకి జవాబివ్వలేదు. అరవైకి పైన ఉన్నాయి. అందులో మందస నుంచి దేవి అని ఒకావిడ, మే నెలలో ఆ సోమవారమే రాసింది. "అక్కా, మా ఆయనకి కూడా డయాలసిస్. ముక్కలు ఎంతసేపు నానబెట్టాలి? మీరు చెబితే ఇవాళే వండుతాను." వీడియోలో నేను ఆ మాట చెప్పలేదు. వెనక పెట్టిన పాట నిడివిలో పట్టదని ఆ భాగం కోసేశాను. ఇప్పుడు రాశాను, మాకు డాక్టరు రెండు గంటలు చెప్పారమ్మా, మీరూ ఒకసారి మీ డాక్టర్ని అడగండి అని.

మర్నాడు జవాబొచ్చింది. "మా ఆయన పోయి ఇరవై రోజులైంది అక్కా. వంకాయ కూర కావాలని ఒకటే అడిగేవారు. భయపడి పెట్టలేదు. రెండు గంటలేనా అక్కా."

ఫోను తీసుకెళ్లి అత్తయ్యకి చదివి వినిపించాను. ఎందుకు వినిపించానో తెలీదు, ఒక్కదాన్నే మొయ్యలేక అనుకుంటాను. ఆవిడ లేచి కూర్చుని "కలుపు" అంది. ఆ అమ్మాయితో అరగంట మాట్లాడింది. వంకాయ మాట ఎత్తలేదు. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, నువ్వు తింటన్నావా లేదా, అంతే. అవతల ఆ అమ్మాయి ఏడుస్తుంటే ఈవిడ "ఊఁ, ఊఁ" అంటూ కూర్చుంది. ఫోను నా చేతికిచ్చి "అడిగినోలందరికీ జవాబు సెప్పీ. నా మొగం మాత్తరం ఎయ్యకు" అంది.

ఇప్పుడు ఆసుపత్రి కుర్చీలో కూర్చుని అదే చేస్తున్నాను. కొంతమందికి ఆలస్యమైపోయింది. వాళ్ల దగ్గర నుంచి వచ్చే జవాబు తెరవాలంటే భయమేస్తోంది. తెరుస్తున్నాను. మీ అన్నయ్యకి కూడా చెప్పాను. తను ఇంకా సరిగ్గా మాట్లాడడం లేదు, మాట్లాడమని నేనూ అడగడం లేదు.

నువ్వు చెప్పమన్నది చెప్పాను. రమ్మని అడిగే హక్కు నాకు లేదు. అత్తయ్య అడుగుతోంది.

ఇంద్రజ


టెక్కలి
సెప్టెంబరు 5

వదినా,

నీ ఉత్తరం పట్టుకుని మూడు రోజులు కాలేజీకి సెలవు పెట్టాను. అమ్మ అన్న ఉక్కపోత మాట చదివాక ఇంక నా దగ్గరున్నది దాచుకోలేను.

సంబంధం వాళ్లు వదులుకోలేదు. వద్దన్నది నేను.

బుధవారం సోమేశ్వరరావు గారు పెదనాన్నని అడిగిన మాట నిజమే. శుక్రవారం శివాజీ నాకే ఫోన్ చేశాడు. "నాకేం పట్టింపు లేదు సుష్మా, ఇంట్లోవాళ్ల కోసం ఒక్కసారి రక్తపరీక్ష చేయించుకో, ఆ కాగితం చూపిస్తే ముహూర్తం పెట్టేసుకుందాం" అన్నాడు. మర్యాదగానే అడిగాడు. నేను అరిచాను. నేనేమైనా సంతలో పశువునా, పళ్లు చూసి కొనుక్కోవడానికి అని. పెదనాన్న నా పౌరుషం చూసి మెచ్చుకుని, వాళ్లే వద్దన్నారని మీ అందరికీ చెప్పాడు. అలాగైతే నాకు మాట రాదని. నేను ఊరుకున్నాను.

పౌరుషం కాదు వదినా, భయం. ఈ ఏడాది మొదటి నుంచీ పొద్దున్న లేచేసరికి మొహం ఉబ్బినట్టు ఉంటోంది. నాకు ఇరవై ఏడు. హాస్టల్లో అద్దం ముందు నిలబడడం మానేశాను. ఆ కాగితంలో ఏముంటుందో శివాజీ కంటే ముందు నేను చూడాలి కదా, అది నావల్ల కాలేదు. అప్పుడు నీ వీడియో దొరికింది. నా పెళ్లి చెడగొట్టింది మా వదిన అనుకుంటే మనసు తేలికపడింది. నిన్ను తిట్టుకుంటున్నంతసేపు పరీక్ష గుర్తురాలేదు. మూడు నెలలు నువ్వు ఉత్తరం మీద ఉత్తరం రాసి ఏడుస్తుంటే చదివి మడిచి పెట్టుకున్నాను. ఒక్క ముక్క రాస్తే నీకు సగం బరువు తగ్గేది. రాయలేదు. సిగ్గుపడాల్సింది ఎవరో నువ్వే చెప్పు.

బుధవారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. అమ్మని లోపలికి పంపించాక నన్ను రక్తం ఇచ్చే చోటుకి తీసుకెళ్లు. అన్నయ్యకి కాగితం వచ్చాకే చెబుదాం. అమ్మకి మాత్రం నేనే ముందు చెబుతాను, అది నీకు వదలను.

అక్కడ చీటీ రాసే అమ్మాయి ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బుందా అని అడుగుతుంది. అమ్మ సంగతి చెప్పగలను. నాన్న ఎలా పోయారని అడిగితే నోరు జారుతుందని భయంగా ఉంది. ఎనిమిదేళ్లుగా గుండెపోటని చెప్పీ చెప్పీ నాకు అదే నిజమైపోయింది. నేను అలా అనబోతే ఆపు. లైనులో మన ఊరివాళ్లున్నా సరే, గట్టిగా చెప్పు, మా మావయ్యకీ కిడ్నీలే పోయాయి అని.

సుష్మ